పాట మొత్తం తీయండి

పోయిన సంచికలో ఉరుము అనే తోలు వాయిద్యం వాయించే అనంతపురం ఉరుములవాళ్ల గురించి, వాళ్లతో తిరిగి నేను తీసిన డాక్యుమెంటరీ గురించి రాశాక చాలా ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువమంది అడిగినవాటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

నేను డిగ్రీ చదువుతున్నాను. మా ఊరి పలక డప్పుల దళం మీద సినిమా తీయాలని ఉంది. చేతిలో మంచి ఫోన్ ఉంది, పార్ట్‌టైమ్ పని చేసి 40 వేలు కూడబెట్టాను. ఏ కెమెరా కొనమంటారు?
– ఒక విద్యార్థి, గుంతకల్లు

కెమెరా కొనొద్దు. ముందు సౌండ్ రికార్డర్ కొనండి.

ఈ జవాబు చాలామందికి నచ్చదని తెలుసు. కానీ మీరు తీయబోయేది పలక. ఫోన్‌లో ఉండే మైకు మనుషుల మాటల కోసం చేసింది. పలక మీద సిర్ర (వాయించే పుల్ల) దెబ్బ గట్టిగా పడగానే ఫోన్ తనంతట తానే సౌండ్ తగ్గించేస్తుంది. మళ్లీ పెంచుకునేలోపు పక్కన పాడుతున్న ఆయన గొంతులో రెండు మాటలు పోతాయి. ఆ రెండు మాటలే పాటకు ప్రాణం అయితే? బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం చూస్తారు. మాట వినపడకపోతే లేచి వెళ్లిపోతారు.

32 బిట్ ఫ్లోట్‌లో రికార్డు చేసే చిన్న రికార్డర్లు ఇప్పుడు పాతిక వేలలోపు వస్తున్నాయి. వాటిలో దెబ్బ ఎంత గట్టిగా పడినా, మైకు తట్టుకున్నంతవరకు, తర్వాత ఎడిటింగ్‌లో సరిచేసుకోవచ్చు. పాత రకం రికార్డర్ అయితే శబ్దం లెవెల్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉండేలా చూసుకోండి. మైకుకు బొచ్చు కవరు తప్పనిసరి. మన వైపు గాలి ఎలా ఉంటుందో రామగిరి కొండల మీద గాలిమరలను చూస్తే తెలుస్తుంది. కవరు లేకపోతే పాట బదులు గాలి రికార్డవుతుంది. మొదలుపెట్టే ముందు కెమెరా ఎదుట ఒకసారి చప్పట్లు కొట్టండి. ఫోన్ బొమ్మనూ రికార్డర్ శబ్దాన్నీ తర్వాత కలపడానికి ఆ చప్పుడు చాలు.

ఫోన్‌లో మాన్యువల్ మోడ్ పెట్టి సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ సెకనులో యాభయ్యో వంతు ఉంచండి. మన కరెంటు సెకనుకు 50 సైకిళ్లది (50 హెర్ట్జ్) కాబట్టి ట్యూబులైటు కింద కూడా బొమ్మ కొట్టుకోదు.

ఇంకొక్క మాట. వాయించే ముందు పలకలను మంట దగ్గర కాస్తారు. తోలు బిగుసుకుని గొంతు మారుతుంది. కాచకముందు ఒక దెబ్బ, కాచాక ఒక దెబ్బ రికార్డు చేయండి. ఇప్పుడు చాలా దళాలు ఫైబర్ మూతల పలకలు వాడుతున్నాయి. వానకు తడిసినా వాటికేమీ కాదు, బరువూ తక్కువ, వాళ్లకు అది సుఖమే. అయితే తోలు పలక గొంతును మన ముందున్నవాళ్లు జాగ్రత్తగా రికార్డు చేసి పెట్టింది తక్కువ. ఆ పని మీ ఊళ్లో మీరే మొదలుపెట్టవచ్చు.

తోలుబొమ్మలాటను తెర ముందు నుంచి తీయాలా, వెనక నుంచి తీయాలా?
– ఒక పాఠకుడు, ధర్మవరం

మీరు నిమ్మలకుంటకు అంత దగ్గరలో ఉండి ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషంగా ఉంది. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చిన సంగతి మీకు తెలిసే ఉంటుంది.

రెండువైపుల నుంచీ తీయండి, కానీ ఒకే రాత్రి అటూ ఇటూ పరుగెత్తకండి. మొదటి రోజు ప్రేక్షకుల్లో కూర్చుని మొదటినుంచి చివరిదాకా తీయండి. ఎక్స్‌పోజర్ తెరను బట్టి పెట్టి లాక్ చేయండి. ఆటోలో వదిలితే చీకట్లో ఉన్న తలకాయలను చూసి కెమెరా వెలుతురు పెంచుతుంది, బొమ్మల ఎరుపూ ఆకుపచ్చా తెల్లగా పాలిపోతాయి. ఆ తోలును గీకి, పలచన చేసి, రంగులు అద్దడానికి వాళ్లెంత కష్టపడతారో చూసినవాళ్లకు ఆ పాలిపోయిన బొమ్మ చూస్తే బాధేస్తుంది.

రెండో ఆటకు తెర వెనక్కి వెళ్లండి. అసలు సంగీతం అక్కడే ఉంటుంది. బొమ్మను ఆడించే మనిషే పాడతాడు, అదే మనిషి పాత్ర మాట కూడా చెబుతాడు. యుద్ధం వచ్చేసరికి కాళ్ల కింద పెట్టుకున్న చెక్కలను దబదబా తొక్కుతాడు. పక్కన హార్మోనియం, మృదంగం, తాళాలు. ఆ పాదాలకు దగ్గరగా ఒక మైకు పెట్టండి. ముందు నుంచి చూసేవాళ్లకు ఆ శబ్దం ఎక్కడినుంచి వస్తుందో తెలియదు. మీ సినిమాలో తెలియాలి.

ఖర్చు సంగతి కూడా చూసుకోండి. సెకనుకు 100 మెగాబిట్ల లెక్కన 4కేలో తీస్తే గంటకు దాదాపు 45 జీబీ అవుతుంది. ఆరు గంటల ఆటకు 270 జీబీ. దాన్ని రెండు డిస్కుల్లోకి ఎక్కించి, రెండు వేరువేరు ఇళ్లలో పెట్టాలి. అంత స్థోమత లేకపోతే మామూలు హెచ్‌డీలో తీయండి, కానీ ఆట మొత్తం తీయండి.

దసరాకు దేవరగట్టు వెళ్లి, మల్లయ్య దీక్ష తీసుకుని పాడే గొరవయ్యలను తీద్దామనుకుంటున్నాం. జాగ్రత్తలు చెప్పండి.
– ఇద్దరు మిత్రులు, ఆదోని

మొదటిసారే బన్ని ఉత్సవం రాత్రికి వెళ్లకండి. మాళ మల్లేశ్వరస్వామి విగ్రహాల కోసం కర్రలతో తలపడే ఆ రాత్రి ఏటా తలలు పగులుతున్నాయి. టీవీ కెమెరాలన్నీ దానికోసమే వస్తాయి, మరుసటి రోజు అందరి దగ్గరా అదే బొమ్మ ఉంటుంది. ఆ గుంపులో గొరవయ్య పాట మీకు ఒక్క చరణమైనా దొరకదు.

గొరవయ్యలను వాళ్ల ఊళ్లలో కలవండి. ఎలుగుబంటి వెంట్రుకల టోపీ, నల్ల గొంగడి, మెడలో గవ్వలు, ఒక చేతిలో ఢమరుకం, ఇంకో చేతిలో పిల్లంగోవి. చూడగానే ఫోటో తీయబుద్ధేసే వేషం. అందుకే అందరూ వేషం దగ్గరే ఆగిపోతారు. మీరు ఆ వేషం వేసుకోని రోజున వెళ్లండి. చేలో పని అయ్యాక అరుగు మీద కూర్చుని పెద్దాయన పిల్లంగోవి ఊదితే వినండి. దీక్ష ఎవరి దగ్గర తీసుకున్నాడు, మల్లయ్య కథ ఎవరు నేర్పారు, ఇంట్లో ఇప్పుడు ఎవరు నేర్చుకుంటున్నారు అని అడగండి. మీది ఆదోని కాబట్టి కన్నడం కలిసిన పాటలు మీకు అర్థమవుతాయి. హైదరాబాదు నుంచి వచ్చినవాళ్లకు ఆ సౌకర్యం లేదు.

నేను టీచరును. మా ఊళ్లో ఒక తాత బ్రహ్మంగారి తత్వాలు అద్భుతంగా పాడతాడు. వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టాలని ఉంది. అనుమతి ఎవరిని అడగాలి? తత్వాలు ఎవరి సొత్తూ కాదు కదా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

తత్వం ఎవరి సొత్తూ కాదు, నిజమే. ఆ తాత పాడిన తీరు మాత్రం తాతదే.

1957 నాటి కాపీరైట్ చట్టంలో ప్రదర్శకుల హక్కు అని విడిగా ఉంది. పాడేవాళ్లు, వాయించేవాళ్లు, ఆడేవాళ్లే కాదు, గారడీవాళ్లు, పాములాడించేవాళ్లు కూడా అందులోకి వస్తారని చట్టమే పేరుపెట్టి చెప్పింది. ఆ హక్కు 50 ఏళ్లు ఉంటుంది. 2012 సవరణ తర్వాత, సినిమాలో వాడుకోవడానికి ఒప్పుకున్నా సరే, దాన్ని వ్యాపారానికి వాడితే రాయల్టీలో కళాకారుడికి భాగం ఉంది. తన పేరు వేయమని అడిగే హక్కూ ఉంది.

కాబట్టి తాతనే అడగండి. ఒక పేజీ ఒప్పందం తెలుగులో రాయండి. ఎక్కడ చూపిస్తారు, డబ్బు వస్తే ఎంత ఇస్తారు, వద్దంటే తీసేస్తారా అన్నవి అందులో ఉండాలి. దాన్ని ఆయనకు, ఇంట్లోవాళ్లకు గట్టిగా చదివి వినిపించండి. చదువు రానివాళ్ల చేత ఇంగ్లిషు కాగితం మీద వేలిముద్ర వేయించుకునే పద్ధతిని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. అలాంటి కాగితాలు పట్టుకుని ఊళ్లకు వచ్చేవాళ్లను చాలామందిని చూశాను.

షూటింగు రోజున ఆయన కూలి పోతుంది. ఆ డబ్బు కెమెరా తెరవకముందే ఇవ్వండి. పాట అయ్యాక ఇస్తే పాటకు వెల కట్టినట్టు అనిపిస్తుందని కొందరు నొచ్చుకుంటారు.

తత్వాన్ని మధ్యలో కోయకండి. రెండో చరణం దగ్గర ఆపి, గుడి గోపురం చూపించి, మళ్లీ చివరి చరణానికి దూకితే అర్థమే తిరగబడుతుంది. ఆయన దగ్గు వస్తే దగ్గు కూడా ఉండనివ్వండి.

మా అబ్బాయి బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి కెమెరా పట్టుకుని ఊళ్లు తిరుగుతున్నాడు. ఇరవై ఎనిమిదేళ్లు. చాలా టెన్షన్‌గా ఉంది. ఇందులో బతుకుదెరువు ఉందా?
– ఒక తల్లి, కడప

అమ్మా, మీ భయం సహజం. స్వతంత్రంగా డాక్యుమెంటరీలు తీసి, వాటి మీదే ఇల్లు నడిపేవాళ్లు మన సీమలో దాదాపు లేరు. ఫిల్మ్ ఫెస్టివల్‌కు పంపాలంటే చాలాచోట్ల మనమే ఫీజు కట్టాలి.

నేను బతికేది పెళ్లి వీడియోల మీద. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం నావి కావు, పెళ్లివాళ్లవి. ముహూర్తాలు లేని ఆషాఢం, పుష్యం నావి. ఆ నెలల్లోనే తిరుగుతాను. పీర్ల పండుగ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి అది పెళ్లిళ్ల సీజన్‌లో పడిన ఏడాది గూగూడులో కుళ్లాయిస్వామి పీరు దగ్గరికి వెళ్లడానికి మంచి బేరం ఒకటి వదులుకోవాల్సి వస్తుంది. వదులుకుంటాను. అగ్గి గుండం చుట్టూ హిందువులూ ముస్లింలూ కలిసి అలాయి అడుగులు తొక్కుతూ పాడే పాటలు నాకు పెళ్లి డబ్బు కన్నా ఎక్కువ.

మీ అబ్బాయికి ఎడిటింగ్ వస్తే ఇంట్లో కూర్చుని కూడా సంపాదించవచ్చు. అప్పు చేసి కెమెరా కొనకుండా చూడండి, అద్దెకు దొరుకుతాయి. ఆరోగ్య బీమా తీయించండి. రాత్రిపూట బైకు మీద ఘాట్ రోడ్లలో తిరగొద్దని చెప్పండి. ఈ మూడూ పట్టుబట్టి చేయించండి. మిగతాది అతనికి వదిలేయండి. ఒకసారి మీరూ వెంట వెళ్లండి. పెద్ద దర్గా ఉరుసుకు కవ్వాలీ వినడానికి మీ ఊళ్లోనే ఇద్దరూ కలిసి వెళ్లవచ్చు. అతను ఏం వింటున్నాడో మీకు తెలుస్తుంది.

సినిమా పూర్తయ్యాక మొదట ఎక్కడ చూపించాలి?
– ఒక పాఠకురాలు, నంద్యాల

తీసిన ఊళ్లో. అద్దె ప్రొజెక్టరు, బడి గోడ చాలు. ఎనిమిది దాటాక, అన్నాలు తిన్నాక మొదలుపెట్టండి. జనం మధ్యలో గట్టిగా మాట్లాడతారు, ఫలానా చరణం తప్పు పాడాడని కళాకారులే ఒకరినొకరు సరిచేసుకుంటారు. పక్కన రికార్డర్ ఆన్‌లో ఉంచండి, ఆ మాటలు తర్వాత చాలా పనికొస్తాయి.

యూట్యూబ్ లింకు పంపి చేతులు దులుపుకోవద్దు. ముసలివాళ్లలో చాలామంది దగ్గర బటన్ ఫోన్లే ఉంటాయి. పాటలను ఎంపీత్రీలుగా మార్చి, చిన్న మెమరీ కార్డులో వేసి తలా ఒకటి ఇవ్వండి. కార్డును ఫోన్‌లో మీరే పెట్టి, ఒక పాట మోగించి చూపించి రండి.