ఒకే త్రైమాసికానికి రెండు ఫారం 16ఏలు వస్తే?

ప్రశ్న: విజయవాడలో ఉంటూ సొంతంగా వెబ్ డిజైన్ పనులు చేస్తుంటాను. ఒక క్లయింటు 2024 అక్టోబరు-డిసెంబరు త్రైమాసికానికి రెండు ఫారం 16ఏలు (చెల్లింపులో ముందే కోసిన పన్ను, అంటే టీడీఎస్‌కు ఇచ్చే ధ్రువపత్రాలు) పంపారు. ఒకదానిలో రూ.90,000, మరోదానిలో రూ.1,20,000 చెల్లించినట్లు ఉంది. ఆదాయపు పన్ను శాఖ చూపే వార్షిక సమాచార నివేదిక (ఏఐఎస్)లోనైతే ఏడాది ఆదాయమంతా రెండింతలు కనిపిస్తోంది. అన్నీ కలిపి రిటర్నులో చూపాలా?

జవాబు: ఇప్పుడే కలపకండి. ముందుగా రెండు ఫారాల్లోనూ క్లయింటు టాన్ నంబరు (పన్ను కోసేవారికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఒకటేనా అన్నది చూడండి. కొన్ని సంస్థలకు శాఖకొక టాన్ ఉంటుంది కనుక, నంబర్లు వేరైతే అవి రెండు వేర్వేరు చెల్లింపులు కావచ్చు. మీ బ్యాంకు ఖాతాలో రెండూ జమ అయి ఉంటే రెండింటినీ లెక్కలోకి తీసుకోవాలి. టాన్ ఒకటే అయితే పైభాగంలోని ‘లాస్ట్ అప్‌డేటెడ్ ఆన్’ తేదీని పోల్చండి. మొదట వేసిన టీడీఎస్ స్టేట్‌మెంటులో మీ ఇన్‌వాయిస్ ఒకటి తప్పిపోయి, క్లయింటు ఆ తర్వాత సవరణ దాఖలు చేసి, టీడీఎస్ పోర్టల్ ‘ట్రేసెస్’ నుంచి ఫారాన్ని మళ్లీ డౌన్‌లోడ్ చేసి పంపితే సరిగ్గా ఇలాగే జరుగుతుంది. అప్పుడు కొత్త తేదీ ఉన్న ఫారమే చెల్లుతుంది. ఆ కొత్త ఫారం రూ.1,20,000ది అయి, సెక్షన్ 194జె (వృత్తి సేవల ఫీజులపై టీడీఎస్) కింద పది శాతం కోత పడి ఉంటే, మీ పేరిట జమైన పన్నును చూపే ఫారం 26ఏఎస్‌లో ఆ త్రైమాసికానికి రూ.21,000 కాక రూ.12,000 మాత్రమే కనిపించాలి. అంతకు మించి క్లెయిమ్ చేస్తే రిటర్ను ప్రాసెసింగ్‌లో ఆ తేడా బయటపడుతుంది.

ఏఐఎస్‌లోని రెండింతల సంగతి వేరు. మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉందా? ఉంటే ఒకే సొమ్ము టీడీఎస్ వివరాల్లో ఒకసారి, జీఎస్టీ టర్నోవరుగా మరోసారి కనిపిస్తుంది. ఇది పొరపాటు కాదు. ఒకే రాబడిని ఇద్దరు తెలియజేశారంతే. అలాకాక, ఒకే క్లయింటు పేరిట అదే తేదీతో, అదే మొత్తంతో ఒకే పద్దు రెండుసార్లు ఉంటే, ఆ పద్దు పక్కనున్న ఫీడ్‌బ్యాక్‌లో ‘ఇన్ఫర్మేషన్ ఈజ్ డూప్లికేట్’ అని మొదలయ్యే ఎంపికను నొక్కండి. దానివల్ల ఏఐఎస్‌లో సవరించిన విలువ చేరుతుందే తప్ప 26ఏఎస్ మారదు, దాన్ని మార్చాలంటే క్లయింటే సవరణ స్టేట్‌మెంటు వేయాలి.

చివరగా ఫైళ్ల మాట. బ్రౌజరు పెట్టే ‘ఫారం16ఏ(1)’, ‘ఫారం16ఏ(2)’ పేర్లను నమ్ముకుంటే రిటర్ను వేసేటప్పుడు తల పట్టుకోక తప్పదు. టాన్, త్రైమాసికం, అప్‌డేట్ తేదీ కలిసేలా ఈ రోజే పేర్లు మార్చి, పాత ఫారాలను వేరే ఫోల్డరులో ఉంచండి.