‘ద్విజాతి’లో జాతి ఏది?

సందేహం: పోటీ పరీక్షలకు చదువుకుంటున్నాను. దేశ విభజన పాఠంలో ‘ద్విజాతి సిద్ధాంతం’ అని ఉంది. నిఘంటువు చూస్తే ద్విజాతి అంటే బ్రాహ్మణుడు, పక్షి అని అర్థాలిచ్చారు. పుస్తకంలో మాట తప్పా? ఈమధ్య టీవీ చర్చల్లో ‘హిందూ జాతి’, ‘ముస్లిం జాతి’ అని కూడా వింటున్నాను. అలా రాయవచ్చా?

సమాధానం: నిఘంటువూ తప్పు చెప్పలేదు, మీ పుస్తకమూ తప్పు రాయలేదు. సమాసం మారింది, అంతే. రెండు జన్మలు గలవాడు అని బహువ్రీహి చేస్తే ద్విజాతి బ్రాహ్మణుడవుతాడు. ఉపనయనాన్ని రెండో పుట్టుకగా లెక్కపెట్టారు. ముందు గుడ్డుగా, తర్వాత గుడ్డు పగిలి పుడుతుంది కనుక పక్షి కూడా ద్విజాతే. రెండు జాతులు అని ద్విగువు చేస్తే మీ పాఠంలో మాట. మొదటి ప్రశ్న ఇక్కడితో తీరిపోయింది. రెండోది ఇంత తేలిగ్గా తీరేది కాదు.

‘జాతి’కి మూలం సంస్కృతంలోని ‘జన్’ ధాతువు. అంటే పుట్టడం. జన్మ, జనని, జనం, జాతకం అన్నీ ఆ ఇంటివే. జాతి గుర్రం అంటే మేలైనది. ఛందస్సులో కందం, ద్విపద జాతులు. జాజిపువ్వు పేరు కూడా ఈ మాట నుంచి వచ్చిందే. వీటితో మనకు పేచీ లేదు. పేచీ అంతా ఇంగ్లీషు ‘నేషన్’కి తెలుగు మాట కావలసి వచ్చినప్పుడు మొదలైంది. హిందీవారు ‘రాష్ట్ర’ అన్నారు. మనకు రాష్ట్రం అంటే దేశంలో ఒక భాగమని స్థిరపడింది కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. మిగిలింది జాతి. జాతీయ జెండా, జాతీయ గీతం, జాతిపిత అన్నీ అలా వచ్చినవే. అనువాదంగా చూస్తే తప్పు పట్టలేం. ‘నేషన్’ కూడా ‘పుట్టు’ అనే అర్థం గల లాటిన్ క్రియ నుంచి వచ్చిందే, ఆ క్రియకూ మన ‘జన్’కూ దూరపు చుట్టరికం ఉంది.

అయితే తెలుగులో ఆ మాట అప్పటికే కులానికి, తెగకు, ఆడా మగా తేడాకు వాడుకలో ఉంది. ఎక్కడ వాడినా అందులో పుట్టుక ఉంటుంది, రక్తం ఉంటుంది. దేశప్రజలందరినీ ‘జాతి’ అన్నాక, ‘నువ్వు ఈ జాతిలో పుట్టినవాడివేనా?’ అన్న ప్రశ్న ఆ మాట వెంటే వస్తుంది. మతాన్ని కూడా జాతి అంటే ఆ ప్రశ్న నేరుగా పక్కింటివాడి గుమ్మం దగ్గరికి వెళ్తుంది. క్రికెట్ మ్యాచ్ ఓడిన రోజున కూడా ఒక మతంవారిని చూసి ‘జాతి వ్యతిరేకులు’ అని నోరు జారేవారున్నారు. ఆ మాట అనేవారు ఒక్క క్షణం ఆగి, ఏ అర్థంలో ‘జాతి’ అంటున్నారో తమను తాము అడిగి చూసుకోవాలి.

చరిత్రలో జరిగింది కూడా ఈ కలగాపులగమే. 1937లో అహ్మదాబాద్‌లో హిందూ మహాసభ అధ్యక్షుడిగా సావర్కర్, ఈ దేశంలో ముఖ్యంగా హిందువులు, ముస్లింలు అనే రెండు జాతులున్నాయని చెప్పారు. దేశాన్ని చీల్చాలని మాత్రం ఆయన కోరలేదు. 1940 మార్చిలో లాహోర్‌లో ముస్లిం లీగ్ అధ్యక్షుడిగా జిన్నా, ఏ నిర్వచనం ప్రకారం చూసినా ముస్లింలు ఒక జాతే అన్నారు. ఆయన దానికి వేరే దేశం కోరారు. ఇద్దరూ ఎదురెదురు పక్షాల నుంచి వచ్చి ఒకే లెక్క దగ్గర నిలబడ్డారు. 1947లో కోటిమందికి పైగా మనుషులు ఇల్లూ ఊరూ వదిలి సరిహద్దు దాటారు. మతం ఒకటైతే జాతి ఒకటే అన్న ఆ లెక్క పాకిస్తాన్‌లోనే నిలవలేదు. 1952 ఫిబ్రవరి 21న ఢాకాలో బెంగాలీ భాష కోసం విద్యార్థులు ప్రాణాలిచ్చారు, 1971లో బంగ్లాదేశ్ వేరైంది. నేడు ప్రపంచమంతా మాతృభాషా దినంగా జరుపుకుంటున్నది ఆ ఫిబ్రవరి 21నే.

ఉర్దూలోనూ ఈ తకరారే నడిచింది. అక్కడ ‘నేషన్’కి మాట ‘ఖౌమ్’. మన జాతి లాగే దాన్నీ కులానికి, మతసమాజానికి, దేశప్రజలకు కలిపి వాడేవారు. 1938లో దేవబంద్ ఇస్లామిక్ విద్యాపీఠం పండితుడు మౌలానా హుసేన్ అహ్మద్ మదనీ, ఈ కాలంలో ఖౌమ్ వతన్ వల్ల, అంటే ఉంటున్న దేశం వల్ల ఏర్పడుతుందని చెప్పారు. మతసమాజానికి ‘మిల్లత్’ అని వేరే మాట ఉందనీ, ఖౌమ్ విషయంలో హిందువులు, ముస్లింలు ఒకటేననీ ఆయన వాదం. కవి ఇక్బాల్ దాన్ని ఘాటుగా ఖండించారు. ఇద్దరు మహాపండితులు రెండు మాటల అర్థం మీద అంతగా వాదించుకున్నారంటే, మాటలదేముందిలే అని మనం తీసిపారేయడం ఎంత పొరపాటో చూడండి.

నాకు ఇందులో ఇష్టమైన సంగతి ఇంకొకటి ఉంది. ఖౌమ్‌కి మూలమైన అరబ్బీ ధాతువుకు అర్థం ‘నిలబడు’. ఆ ధాతువు నుంచి వచ్చిన మాటలు మన నోట రోజూ ఆడుతూనే ఉన్నాయి. మకాం వేశాడు అంటాం, పని ఖాయం అంటాం. మకాం అంటే నిలిచే చోటు, ఖాయం అంటే నిలకడైనది. మన జాతి పుట్టుక దగ్గర ఆగిపోతే, ఖౌమ్ నిలబడిన చోటుకు తీసుకుపోతుంది.

తెలుగులో అలాంటి మాట లేదా? ఉంది. గురజాడ అప్పారావుగారు 1910లోనే మన చేతిలో పెట్టారు. ‘దేశమంటే మట్టికాదోయ్, దేశమంటే మనుషులోయ్’ అన్న పాదాలు బడి గోడల మీద రాసుకున్నాం, సభల్లో పాడుకున్నాం. ఆ గీతంలోనే ముందుకు వెళ్తే ‘చెట్టపట్టాల్ పట్టుకొని దేశస్థులంతా నడవవలెనోయ్’ అంటారు. దేశస్థులు! ‘స్థా’ ధాతువు, నిలబడు, ఉండు అని అర్థం. దేశంలో ఉన్నవాడు దేశస్థుడు. ఎక్కడ పుట్టాడు, ఎవరికి పుట్టాడు అన్న విచారణ ఆ మాటలో లేదు.

వెంటనే ‘అన్నదమ్ముల వలెను జాతులు మతములన్నీ మెలగవలెనోయ్’ అన్నారు. ఇక్కడ జాతులు బహువచనం, కులాలు, తెగలు అన్న పాత అర్థంలోనే ఉంది. మరి నేషన్‌కి ఏం వాడారు? ‘మతం వేరైతేను యేమోయి? మనసు లొకటై మనుషులుంటే, జాతమన్నది లేచి పెరిగీ లోకమున రాణించునోయ్’ అన్నారు. జాతులు కాదు, జాతం. ఆ మాటకు సమూహం అనే అర్థం కూడా ఉంది. కులాలకు ఒక రూపం, అందరూ కలిసిన సమూహానికి మరో రూపం వాడారు. కావాలనే వాడారని నా నమ్మకం.

అందులో వ్యాకరణం చూడండి. ‘ఉంటే’ అన్నది చేదర్థకం. షరతు అన్నమాట. మనసులు ఒకటై మనుషులుంటేనే జాతం లేస్తుంది, పెరుగుతుంది. ముందే పుట్టి కూర్చున్న జాతి లోపల ఎవరు, వెలుపల ఎవరు అని ఆయన లెక్క తీయలేదు. ‘వేరైతేను యేమోయి’ అన్న పాదంలో మతాలు వేరన్న నిజాన్నీ దాచలేదు. ముందటేడాదే, 1909లో, ముస్లింలకు ప్రత్యేక నియోజకవర్గాల చట్టం వచ్చింది. దానికి నాలుగేళ్ల ముందు, 1905లో, బెంగాల్‌ను చీల్చారు. ఆ రోజుల్లో రాసిన పాదాలివి.

ఇక మీ తరంవారిని కొంచెం మందలించాలి. పత్రికల్లో, టీవీ తెర కింద నడిచే అక్షరాల్లో ‘దేశస్తులు’, ‘మతస్తులు’ అని రాస్తున్నారు. స కింద త వత్తు కాదు, థ వత్తు. త వత్తు పెడితే ‘స్థా’ ధాతువే పోతుంది, మాటలో ఉండటం పోతుంది. గృహస్థుడు, మధ్యస్థుడు, మతస్థుడు, దేశస్థుడు అన్నీ ఒకే అచ్చులో పోసినవి. ఒకే మనిషి ఇంట్లో గృహస్థుడు, నమాజు దగ్గరో గుడి దగ్గరో మతస్థుడు, వీధిలోకి వస్తే దేశస్థుడు. ఈ మూడింటికీ తగవు లేదు. పుట్టుకతో రెండు జాతులవాడు కావడం మాత్రం ఎవరికీ కుదరదు. మతాన్ని జాతి అనవద్దని నేను చెప్పేది అందుకే.

‘హిందూ’ అన్న మాట సంగతీ కాస్త గుర్తుపెట్టుకోండి. అది సింధునది పేరు నుంచి వచ్చింది. ‘తురక’ తుర్కుల పేరు. మొదట ఈ రెండూ మతాల పేర్లు కావు. పధ్నాలుగో శతాబ్దంలో విజయనగర రాజులు ‘హిందూరాయ సురత్రాణ’ అని బిరుదు పెట్టుకున్నారు. సురత్రాణ అంటే సుల్తానే, సంస్కృతం వేషం వేసుకుంది. గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షాను మన కవులు మల్కిభరాముడు చేసి కావ్యం అంకితమిచ్చారు. మాటలు ఇంత స్వేచ్ఛగా ఇల్లు మారిన నేల ఇది.

ఇంతకీ మీరేం రాయాలి? ‘ద్విజాతి సిద్ధాంతం’ చరిత్రలో స్థిరపడిన పేరు, అలాగే రాయండి. అది ఒక వాదం పేరని తెలిస్తే చాలు. మీ సొంత వాక్యంలో ‘హిందూ జాతి’, ‘ముస్లిం జాతి’ అనవద్దు. హిందువులు, ముస్లింలు అంటే సరిపోతుంది, మరీ కావాలంటే మతస్థులు అనండి. జాతీయ, జాతీయవాదం అన్న మాటల్ని ఇప్పుడు మార్చగలమని నేననుకోను, వాడుక గట్టిపడింది. ‘జాతి యావత్తు’ అనే చోట ‘దేశమంతా’ అనవచ్చేమో ఆలోచించండి. ‘దేశస్థులు’ రాసేటప్పుడు మాత్రం థ వత్తు మరవకండి.