18 వద్దు, 15 చాలు

ప్రశ్న: నమస్కారం మేడమ్. ఎఫ్-1 వీసా మీద ఈ ఆగస్టులో అమెరికాలో ప్రొఫెషనల్ ఫ్లైట్ డిగ్రీలో చేరుతున్నాను. మొదటి సెమిస్టర్‌కి నేను రాసుకున్న జాబితా ఇది: ప్రైవేట్ పైలట్ గ్రౌండ్ స్కూల్ (థియరీ క్లాసు) 3 క్రెడిట్లు, ఫ్లైట్ ల్యాబ్ (విమానంలో శిక్షణ) 2, వాతావరణ శాస్త్రం 3, ట్రిగనామెట్రీ 3, ఫిజిక్స్ 4, ఇంగ్లిష్ కంపోజిషన్ 3. మొత్తం 18. ఏవియేషన్ ఓరియెంటేషన్ అని 1 క్రెడిట్ క్లాసు కూడా ఉంది కానీ అది టైమ్ వేస్ట్ అని సీనియర్లు చెప్పారు. ఫ్లైట్ స్లాట్ పొద్దున 8 నుంచి 10, సాయంత్రం 4 నుంచి 6, రెండూ ఖాళీగా ఉన్నాయి. నాన్నగారేమో కంప్యూటర్ సైన్స్ కూడా ఒకటి తీసుకోమంటున్నారు. ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి?

జవాబు: ముందు ఫిజిక్స్ కొట్టెయ్యమ్మా. దాని మీద నాకేమీ కోపం లేదు. బలాల్ని భాగాలుగా విడదీయాలంటే సైన్, కొసైన్ చేతిలో ఉండాలి కదా, ట్రిగనామెట్రీ అయ్యాక రెండో సెమిస్టర్‌లో తీసుకుంటే సగం కష్టం తగ్గుతుంది. దాని బదులు సీనియర్లు వద్దన్న ఆ 1 క్రెడిట్ క్లాసు చేర్చు. లెక్క 15కి వస్తుంది.

15 అనే ఎందుకంటున్నానంటే, ఎఫ్-1 మీద డిగ్రీ చదివేవాళ్లు సెమిస్టర్‌కి కనీసం 12 క్రెడిట్లు చదువుతూ ఉండాలి. అక్టోబరులో ఏదో ఒక 3 క్రెడిట్ల క్లాసు మొయ్యలేక వదిలేశావనుకో, ఇంకా 12 మిగులుతాయి. అదే 14తో మొదలుపెడితే 11కి పడిపోతావు, అది వీసాకే ఎసరు. ఆ టైమ్ వేస్ట్ క్లాసు విలువ అదీ! ఏది వదలాలన్నా ముందు అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో అడిగాకే వదులు. వదిలేది గ్రౌండ్ స్కూల్ మాత్రం కాకూడదు. వీడియోలు చూసి నేర్చుకుంటాలే అనేవాళ్లని చాలామందిని చూశాను. విమానంలో గంట గంటకీ డబ్బు కడుతూ, నేల మీద కూర్చుని నేర్చుకోవాల్సింది అక్కడ నేర్చుకుంటుంటారు. గ్రౌండ్ స్కూల్ చదువుతుండగానే ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన సంస్థ) రాతపరీక్ష కూడా రాసెయ్యి. 60 ప్రశ్నలు, 70 శాతం వస్తే పాస్, ఫలితం 24 నెలలు చెల్లుతుంది.

ఇక స్లాట్. సాయంత్రం 4 గంటలు ఆగస్టులో చూడ్డానికి బాగానే ఉంటుంది. నవంబరు మొదటి ఆదివారం చాలా రాష్ట్రాల్లో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. ఆ తర్వాత నీ స్లాట్ సగంలోనే పొద్దుగూకుతుంది. రాత్రి శిక్షణ 3 గంటలు ఎలాగూ కావాలి కానీ, నువ్వు ఒక్కదానివే సోలో ఎగరాల్సిన రోజుల్లో వెలుతురు పోతే ఆ పాఠం పోయినట్టే. పైగా మధ్యాహ్నం ఎండకి నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంటుంది, ల్యాండింగ్ నేర్చుకునేవాళ్లకి ఆ కుదుపులు అనవసరపు టెన్షన్. పొద్దున గాలి నిలకడగా ఉంటుంది. పొగమంచు వల్ల కొన్ని రోజులు పోతాయి, పోనీ. 8 గంటల స్లాటే తీసుకో, 10కి మాత్రం ఏ క్లాసూ పెట్టుకోకు. మంచు విడిచేసరికి ఆలస్యం కావచ్చు, విమానం మెకానిక్ దగ్గర ఉండచ్చు, దిగాక ఇన్‌స్ట్రక్టర్ నీతో ఇంకో పావుగంట మాట్లాడాలనుకోవచ్చు. 10 గంటలకి ట్రిగనామెట్రీ ఉంటే నీ చూపు వాచీ మీదే ఉంటుంది. అది నాకు పరమ చిరాకు. స్లాట్ ముందురోజు రాత్రి 9 దాకా సాగే ల్యాబులు కూడా వద్దు. మిడ్‌టర్మ్ కోసం రాత్రంతా మేలుకుని వచ్చిన పిల్లల్ని నేను విమానం ఎక్కనివ్వను.

ట్రిగనామెట్రీ, వాతావరణం రెండూ ఇప్పుడే ఉండాలి. రన్‌వేకి 30 డిగ్రీల పక్క నుంచి 20 నాట్ల వేగంతో గాలి వీస్తోందనుకో. సైన్ 30 అంటే సగం కాబట్టి పక్కగాలి 10 నాట్లు. ఈ లెక్క రేడియోలో గాలి వివరం వింటూనే తట్టాలి. వాతావరణ క్లాసులో ఉష్ణోగ్రతకీ డ్యూ పాయింట్‌కీ (గాలిలో తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత) తేడా తగ్గేకొద్దీ పొగమంచుకి అవకాశం పెరుగుతుందని చెప్తారు. మర్నాడు పొద్దున అదే తేడా నీ ఎయిర్‌పోర్ట్ రిపోర్టులో చూసి, స్లాట్ ఉంటుందో పోతుందో నువ్వే అంచనా వేసుకోవచ్చు. ఏడాది ఆగి చదివితే అది ఉత్త పరీక్ష సబ్జెక్టు.

నాన్నగారి మాటలో న్యాయం ఉంది. మెడికల్ (ఆరోగ్య సర్టిఫికెట్) పోతే పైలట్ ఉద్యోగం ఆగిపోతుంది, చేతిలో ఇంకో విద్య ఉండాలి. కానీ దానికి మూడో సెమిస్టర్ దాకా ఆగచ్చు, మైనర్‌గా (పక్క సబ్జెక్టుగా) తీసుకోవచ్చు. అసలు ఆ మెడికల్ పరీక్షే ముందు చేయించుకో, అదీ ఫస్ట్ క్లాస్, అంటే ఎయిర్‌లైన్ పైలట్ల స్థాయిది. రంగుల చూపులో తేడా ఉంటే ఫీజు కట్టకముందే తెలియడం మంచిది. విదేశీ విద్యార్థులు విమాన శిక్షణ మొదలుపెట్టాలంటే టీఎస్ఏ (అమెరికా రవాణా భద్రతా సంస్థ) అనుమతి కూడా కావాలి. సెమిస్టర్ మొదలయ్యాక అప్లై చేస్తే ఫ్లైట్ ల్యాబ్ కాగితం మీదే ఉండిపోతుంది.

అడ్వైజర్‌ని ఒక్క ప్రశ్న తప్పకుండా అడుగు: ఈ క్లాసుల్లో ఏవి ఆర్-ఏటీపీ (తక్కువ గంటలతో ఇచ్చే ఎయిర్‌లైన్ పైలట్ సర్టిఫికెట్) లెక్కలోకి వస్తాయి? ఎఫ్ఏఏ ఆమోదం ఉన్న కాలేజీలో 60 ఏవియేషన్ క్రెడిట్లతో డిగ్రీ చేసి, కమర్షియల్, ఇన్‌స్ట్రుమెంట్ శిక్షణ కూడా ఆ ప్రోగ్రామ్‌లోనే పూర్తిచేస్తే, ఎయిర్‌లైన్‌కి కావలసిన 1500 ఫ్లయింగ్ గంటలు 1000కి తగ్గుతాయి. ఆ జాబితా రాతపూర్వకంగా తీసుకో.

ప్రశ్న: మా అబ్బాయి కూడా అక్కడే ఏవియేషన్‌లో చేరుతున్నాడండీ. ఫ్లయింగ్‌కి టైమ్ మిగుల్తుందని మిగతా క్లాసులన్నీ ఆన్‌లైన్‌లో పెట్టుకుంటానంటున్నాడు. పెట్టుకోవచ్చా?

జవాబు: అన్నీ కుదరవండీ. ఎఫ్-1 వాళ్లకి ఆ కనీసపు 12లో ఆన్‌లైన్ క్లాసు ఒక్కటే, అంటే 3 క్రెడిట్ల దాకానే లెక్కకొస్తుంది. ఆ ఒక్కటీ ఇంగ్లిష్ పెట్టుకోమనండి. వ్యాసం మంచు కురిసిన పొద్దునైనా రాసుకోవచ్చు. లెక్కల క్లాసుకి మాత్రం మనిషి వెళ్లాల్సిందే.