'ఇన్ ద బ్రాడెస్ట్ సెన్స్' గురించి

మీ వ్యాసంలో 'మై గ్రాండ్‌ఫాదర్ వాజ్ ఎన్ ఇంజనీర్ ఇన్ బ్రాడెస్ట్ సెన్స్ ఆఫ్ ద వర్డ్స్' అని రాశారు, సరేనా అని అడిగారు. రెండు చోట్ల దిద్దాలండీ. 'బ్రాడెస్ట్' ముందు 'ద' తప్పనిసరి. చివర 'వర్డ్స్' కాదు, 'వర్డ్'. మీరు విస్తరిస్తున్నది 'ఇంజనీర్' అనే ఒక్క మాటనే కదా. అదే 'పబ్లిక్ హెల్త్' లాంటి జంటపదమో, శాస్త్ర పరిభాషో అయితే 'ఆఫ్ ద టర్మ్' బాగా నప్పుతుంది.

అసలు చిక్కు అర్థంలో ఉంది. డిగ్రీ లేకపోయినా మోటార్లు, పంపులు బాగుచేసే తాతగారికి 'ఇన్ ద బ్రాడెస్ట్ సెన్స్' చక్కగా సరిపోతుంది. మన 'విశాలార్థంలో' అన్నమాట. ఆయన నిజంగా చదువుకున్న ఇంజనీరే, అన్ని విధాలా ఆ పేరుకు తగినవాడే అని చెప్పాలంటే మాత్రం 'ఇన్ ఎవ్రీ సెన్స్ ఆఫ్ ద వర్డ్' రాయాలి. 'బ్రాడెస్ట్' బదులు 'లూజెస్ట్' (మరీ వదులైన అర్థంలో) జోలికి మాత్రం వెళ్లకండి, అందులో చిన్న వెటకారం ఉంటుంది. తాతగారు నొచ్చుకుంటారు!

'ఇంజనీర్' తర్వాత ఒక కామా పెడితే వాక్యం ఇంకా తేటగా ఉంటుంది.