మైక్రోసాఫ్ట్‌కేం కాదు మావయ్యా అన్నావట

చిన్నీ,

ఉద్యోగం మానేసి ఇద్దరు స్నేహితులతో సొంత కంపెనీ పెడుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. గర్వంగా ఉంది తల్లీ, కానీ రాత్రంతా నిద్ర పట్టలేదు. మైక్రోసాఫ్ట్ వాళ్లు ఇంటర్నెట్ మీద సర్వర్లు అద్దెకిచ్చే క్లౌడ్, అదే అజూర్, అది తప్ప ఇంకేదీ ముట్టుకోం, మైక్రోసాఫ్ట్‌కేం కాదు అన్నావట, ఆ మాట దగ్గరే ఆగిపోయాను.

జీఎస్టీ, భాగస్వామ్య ఒప్పందం, ఆరు నెలల ఖర్చులకి బ్యాంకులో డబ్బు, ఇవి నేను చెప్పక్కర్లేదు. హెల్త్ ఇన్సూరెన్స్ మాత్రం ఉద్యోగం మానకముందే తీసుకో.

1996లో నేనూ అచ్చం నీలాగే మాట్లాడాను. అప్పట్లో ఆఫీసులో కంప్యూటర్లు కలిపి ఫైళ్లు, ప్రింటర్లు పంచుకోవాలంటే నోవెల్ కంపెనీ సాఫ్ట్‌వేర్ నెట్‌వేర్, అంతే. అది నడపడం వచ్చని నోవెల్ ఇచ్చే సీఎన్ఈ సర్టిఫికెట్ ఉంటే ఇక జీవితం సెటిల్ అనుకుని మీ అమ్మమ్మ నాలుగు గాజులు తాకట్టు పెట్టి కోర్సులో చేరాను. సర్టిఫికెట్ వచ్చింది, సికింద్రాబాద్‌లో ఒక మందుల హోల్‌సేల్ షాపులో పన్నెండు మెషీన్లు పెట్టాను. వెనక గదిలో అట్టపెట్టెల మధ్య సర్వర్, దాని తెర మీద ఒక పాము తిరుగుతుండేది, పని ఎక్కువైతే తోక పొడుగయ్యేది. వెళ్లిన ప్రతిసారీ కాసేపు దాన్ని చూస్తూ మురిసిపోయేవాణ్ణి. కరెంటూ యూపీఎస్సూ రెండూ పోతే తప్ప అది ఆగింది లేదు.

1997 చివర్లో ఓనరుగారి అబ్బాయి ఇంటర్నెట్ కనెక్షన్ తీసుకుని, అన్ని మెషీన్లకీ మెయిల్ రావాలి, డేటాబేస్ కూడా సర్వర్ మీదే నడవాలి అన్నాడు. న్యాయమైన కోరికే. కంప్యూటర్లు ఒకదాంతో ఒకటి మాట్లాడుకునే పద్ధతి నెట్‌వేర్‌కి ప్రధానంగా ఐపీఎక్స్, ఇంటర్నెట్‌కేమో టీసీపీ ఐపీ. మైక్రోసాఫ్ట్ వాళ్ల సర్వర్ సాఫ్ట్‌వేర్ విండోస్ ఎన్టీతో టీసీపీ ఐపీ కూడా వచ్చేసేది, పైగా అప్లికేషన్లు రాసుకోవడం సులువు. ఆ సంగతి నాకు తెలుసు, అయినా నోరు విప్పి చెప్పలేదు. గంటసేపు వాదించాను, ఎన్టీ మాటిమాటికీ పడిపోతుందని, ఫైళ్లు అందించడంలో దానికి నెట్‌వేర్ అంత స్పీడు లేదని. ఆ కుర్రాడు మర్యాదగా విన్నాడు. నెల తిరిగేసరికి వేరేవాళ్లొచ్చి ఎన్టీ పెట్టి వెళ్లారు. 1998లో నెట్‌వేర్ 5తో నోవెల్ టీసీపీ ఐపీ దారికొచ్చింది కానీ అప్పటికే ఆలస్యమైంది, చివరికి 2011లో నోవెల్ అటాచ్‌మేట్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ కంపెనీ చేతికి పోయింది. నేనేమో పౌరుషానికి పోయి ఎన్టీ నేర్చుకోవడానికి ఇంకో రెండేళ్లు తాత్సారం చేశాను. గాజులు విడిపించింది 2001లో. మీ అమ్మ పెళ్లి ఫొటోల్లో అమ్మమ్మ చేతులకి మట్టిగాజులే ఉంటాయి, ఎప్పుడైనా చూడు.

మైక్రోసాఫ్ట్ ఇప్పుడు క్లౌడ్‌లో ఉన్న పోటీని తట్టుకుంటుందా అంటే, తట్టుకుంటుందనే నా నమ్మకం. సొంత సరుకుకి దెబ్బ తగులుతుందని తెలిసినా వాళ్లు మారగలిగారు. 2014లో మన హైదరాబాద్ సత్య నాదెళ్ల సీఈఓగా వచ్చీ రాగానే వర్డ్, ఎక్సెల్ ఉండే ఆఫీస్‌ని పోటీదారు ఆపిల్ ఐప్యాడ్‌లో విడుదల చేశాడు, తర్వాత వాళ్ల డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్ విండోస్‌కి పోటీ అయిన లైనక్స్ మీదికీ వచ్చింది. కానీ అదే కంపెనీ షేరు 1999 డిసెంబరు నాటి ధర దాటడానికి 2016 దాకా పట్టింది. ఒకప్పుడు పదిమందిలో తొమ్మిదిమంది వాడిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ బ్రౌజర్‌ని 2022లో ఆపేశారు. నోకియా ఫోన్ల వ్యాపారం కొని 2015లో 760 కోట్ల డాలర్లు నష్టం కింద రాసేశారు. అంత నష్టాన్ని కంపెనీ మోయగలిగింది. ఆ ఫోన్లనే నమ్ముకుని యాప్‌లు రాసినవాళ్ల సంగతేంటి?

అందుకే మీ ముగ్గురిలో ఒకరు అమెజాన్ క్లౌడ్ కూడా నేర్చుకోండి, అసలు అందులో ముందున్నది వాళ్లే. లైనక్స్, నెట్‌వర్కింగ్, డేటాబేస్ బాగా పట్టు రావాలి, అవి ఎక్కడైనా పనికొస్తాయి. కస్టమర్ తన డేటాని వేరేచోటికి తీసుకెళ్లాలంటే ఎలాగో మొదటి రోజే రాసివ్వు. వాళ్లు అడిగింది నీకు నచ్చకపోతే ఆ రోజు వాదించకు, రాసుకుని ఇంటికెళ్లి ఆలోచించు. నీకూ నా మొండితనమే వచ్చింది, చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను.

ఆ నాలుగు గాజులూ ఇప్పుడు నీ పేరు మీద మీ అమ్మ లాకర్లో ఉన్నాయి. వాటి జోలికి వెళ్లకు. డబ్బు తక్కువైతే నా దగ్గర రెండు లక్షలున్నాయి, నీకోసమే పక్కన పెట్టాను. ఒప్పందం మీద సంతకం పెట్టకముందు ఆ కాగితాలు పట్టుకుని ఆదివారం ఇంటికి రా, కూర్చుని చదువుదాం.

మీ మావయ్య