టెక్ సందేహాలు: రాడ్ ఒక్కటి పాతితే ఎర్త్ అయిపోతుందా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో హామ్ రేడియో (అభిరుచిగా నడిపే సొంత రేడియో స్టేషన్) ప్రశ్నలే ఎక్కువ. అవి కూడా దాదాపు అన్నీ 160, 80, 40 మీటర్ల బ్యాండ్ల గురించే. ఈ బ్యాండ్లలో తరంగం చాలా పొడవైనది, మనకున్న జాగా మాత్రం చిన్నది. అందుకే తరంగం పొట్టిగా ఉండే బ్యాండ్లలో చెల్లిపోయే పొరపాట్లు ఇక్కడ చెల్లవు.

ఉత్తరాలన్నీ వరసగా చదివాక ఒక విషయం గమనించాను. 'ఎర్త్' అనే ఒకే మాటతో మనం మూడు వేరు వేరు పనుల్ని పిలుస్తున్నాం. మనిషికి షాక్ కొట్టకుండా కాపాడేది ఒకటి. పిడుగు కరెంటును భూమిలోకి దించేది రెండోది. యాంటెన్నాకు రెండో సగంగా నిలిచేది మూడోది. మొదటి రెండింటికీ భూమిలో రాడ్ కావాలి. మూడో పనికి రాడ్ దాదాపు పనికిరాదు. కింది ప్రశ్నల్లో సగం ఈ తేడా దగ్గరే చిక్కుకున్నాయి.

ప్రశ్న: 40 మీటర్ల బ్యాండ్ కోసం 10 మీటర్ల వర్టికల్ (నిలువు యాంటెన్నా) నిలబెట్టి, కింద 2.4 మీటర్ల రాగి రాడ్ పాతాను. ఎస్‌డబ్ల్యూఆర్ (కేబుల్‌కూ యాంటెన్నాకూ పొత్తు చెప్పే అంకె, 1.0 అయితే పూర్తిగా కుదిరినట్టు) 1.2 వచ్చింది. మిత్రుడి సలహాతో నేల మీద 24 రేడియల్ వైర్లు (యాంటెన్నా అడుగు నుంచి చుట్టూ పరిచేవి) పరిచాక అది 1.3 అయ్యింది. ఇంత కష్టపడితే యాంటెన్నా పాడైందా? రేడియల్స్ తీసేయమంటారా?

తీసేయకండి. మీ యాంటెన్నా ఇప్పుడే బాగుపడింది.

పావు తరంగం పొడవున్న వర్టికల్‌కు రేడియేషన్ రెసిస్టెన్స్ సుమారు 36 ఓమ్‌లు. మీరు పంపే పవర్ గాలిలోకి వెళ్లేది దాని ద్వారానే. వర్టికల్‌లోకి ఎంత కరెంటు ఎక్కుతుందో, అంత కరెంటూ నేల మీదుగా ఫీడ్ పాయింట్‌కి (కేబుల్ యాంటెన్నాకు కలిసే చోటికి) తిరిగి రావాలి. రాడ్ ఒక్కటే ఉన్నప్పుడు ఆ కరెంటు మట్టిలోంచి ఈదుకుంటూ రావాల్సిందే. మట్టి మంచి కండక్టర్ కాదు కాబట్టి దారిలో పవర్ వేడిగా మారిపోతుంది.

లెక్క చూడండి. 50 ఓమ్‌ల కేబుల్ మీద ఎస్‌డబ్ల్యూఆర్ 1.2 అంటే, యాంటెన్నా రెజొనెన్స్‌లో (ఆ ఫ్రీక్వెన్సీకి సరిగ్గా కుదిరి) ఉందనుకుంటే, ఫీడ్ పాయింట్ దగ్గర 60 ఓమ్‌లు ఉండొచ్చు. అందులో 36 యాంటెన్నావి, 24 మట్టివి. మీరు 100 వాట్లు పంపితే 60 గాలికి, 40 వానపాములకు. రేడియల్స్ వేశాక వచ్చిన 1.3 అంటే, ఈసారి 50 కంటే తక్కువ వైపు, సుమారు 38.5 ఓమ్‌లు. అంటే మట్టి వాటా 2.5 ఓమ్‌లకు పడిపోయింది, ఇప్పుడు 93 వాట్ల దాకా గాలిలోకి వెళ్తున్నాయి. ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ చూసేది కేబుల్‌కూ యాంటెన్నాకూ పొత్తు ఎంత కుదిరిందన్నది మాత్రమే. వెళ్లిన పవర్ గాలిలో కలిసిందా, మట్టిలో కలిసిందా అన్నది దానికి తెలియదు. 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ (పవర్‌ను వేడిగా మార్చేసే రెసిస్టర్) పెట్టి చూడండి, 1.0 చూపిస్తుంది. దాంతో పక్క వీధికి కూడా వినపడరు. ఇల్లు అలకగానే పండగ కాదు.

నా మొదటి వర్టికల్ కింద కూడా చాలాకాలం ఒక్క రాడ్డే ఉండేది. 1.1 చూసుకుని సంతోషపడుతూ, జవాబు రాని రాత్రులన్నిటికీ వాతావరణమే కారణం అనుకున్నాను. 16 రేడియల్స్ పరిచిన రోజు రాత్రి తేడా చెవికే తెలిసిపోయింది. అందుకే ఈ విషయం దగ్గర ఇంతసేపు ఆగుతున్నాను.

నిర్ధారణ కావాలంటే నానోవీఎన్ఏ లాంటి చిన్న అనలైజర్‌తో వర్టికల్ అడుగునే కొలవండి. కేబుల్ ఇవతలి చివర కొలిస్తే కేబుల్ ఆ ఓమ్‌లను మార్చి చూపిస్తుంది. అక్కడి నుంచే కొలవాల్సి వస్తే, కాలిబ్రేషన్ కేబుల్ అవతలి చివర చేయాలి. 1.3ను 1.0 చేయాలన్న పట్టుదల మీకుంటే అడుగున చిన్న మ్యాచింగ్ కాయిల్ పెట్టుకోవచ్చు. నేనైతే అలాగే వదిలేస్తాను.

ఇంకా వైరు మిగిలి ఉంటే ఒక మాట. నేల మీద పరిచే రేడియల్స్‌ను పావు తరంగానికి కచ్చితంగా కోయక్కర్లేదు, మట్టి తాకగానే ఆ కొలత ఎలాగూ చెదిరిపోతుంది. 60 మీటర్ల వైరే ఉంటే 15 మీటర్లవి 4 వేయడం కంటే 5 మీటర్లవి 12 వేయడం మేలు. సన్న రాగి వైరు చాలు, ఇన్సులేషన్ ఉన్నా ఫరవాలేదు. అల్యూమినియం మాత్రం మట్టిలో త్వరగా తినేసుకుపోతుంది. నేలకు ఎత్తులో కట్టే రేడియల్స్ సంగతి వేరు. అవి 2 నుంచి 4 చాలు, కానీ పొడవు కచ్చితంగా కోయాలి. చివర్లలో ఎక్కువ వోల్టేజీ ఉంటుంది కాబట్టి మనిషి చేతికి అందని ఎత్తులో కట్టాలి.

ప్రశ్న: మాది రెండో అంతస్తు. 20 మీటర్ల ఎండ్‌ఫెడ్ (ఒక చివర నుంచి పవర్ ఇచ్చే) వైరుకు 49:1 ట్రాన్స్‌ఫార్మర్ (వైరు ఓమ్‌లను 49 రెట్లు తగ్గించి కేబుల్‌కు కలిపేది) పెట్టి వాడుతున్నాను. 40 మీటర్ల మీద మాట్లాడుతుంటే మైకు పెదవికి చురుక్కుమంటోంది. రేడియో నుంచి కింద నేలలో రాడ్ దాకా 10 మీటర్ల ఎర్త్ వైరు దించాను. తగ్గకపోగా పెరిగింది. ఎందుకు?

ఆ 10 మీటర్లలోనే కిటుకు ఉంది. 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర అది సరిగ్గా పావు తరంగం. పావు తరంగం వైరును ఒక చివర ఎర్త్ చేస్తే రెండో చివర ఆర్ఎఫ్‌కు (రేడియో కరెంటుకు) దాదాపు తెగిపోయిన వైరులా కనబడుతుంది. మల్టీమీటర్ పెడితే సున్నా ఓమ్‌లే చూపిస్తుంది, కానీ రేడియో కళ్లకు అక్కడ ఎర్త్ లేదు. పైగా గోడ పక్కన వేలాడే ఆ వైరు యాంటెన్నాలో భాగమై కూర్చుంది. పొడవు తగ్గించినా పెద్దగా లాభం లేదు. మామూలు వైరుకు మీటరుకు సుమారు 1 మైక్రోహెన్రీ ఇండక్టెన్స్ ఉంటుంది. 7 మెగాహెర్ట్జ్ దగ్గర అంటే మీటరుకు 45 ఓమ్‌ల అడ్డు. పై అంతస్తులో 'ఆర్ఎఫ్ ఎర్త్' కోసం వెతకడం మానేయండి.

అసలు రోగం యాంటెన్నా వైపు ఉంది. ఎండ్‌ఫెడ్ వైరుకు కూడా తిరుగుదారి కావాలి. మీరు ఇవ్వలేదు కాబట్టి కోయాక్స్ (యాంటెన్నా కేబుల్) పై అల్లికనే అది దారిగా చేసుకుంది. ఆ కరెంటు కేబుల్ వెంట వచ్చి రేడియోలోకి, మైకులోకి, మీ పెదవి దాకా చేరింది. ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్ టెర్మినల్‌కు 2 మీటర్ల వైరు తగిలించి వేలాడదీయండి. దాని పక్కనే కోయాక్స్ మీద చోక్ పెట్టండి. ఆ కరెంటును ఆపే చోక్ అంటే పెద్ద ఫెరైట్ (అయస్కాంత పదార్థం) రింగ్‌లోంచి సన్న కోయాక్స్‌ను 12 చుట్లు తిప్పడమే. ఈ పొడవు తరంగాల బ్యాండ్లకు 31 నంబరు ఫెరైట్ బాగా పనిచేస్తుంది. రంగు చూసి ఏదో ఒక రింగ్ కొనకండి, పవర్ సప్లైల కోసం చేసే ఐరన్ పౌడర్ రింగ్‌లు కూడా అలాగే ఉంటాయి, ఈ పనికి రావు. కేబుల్ గదిలోకి వచ్చే చోట ఇంకో చోక్ ఉంటే మరీ మంచిది.

రెండు జాగ్రత్తలు. చురుకు తగ్గుతుందేమోనని పవర్ సప్లై మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ తీసేయకండి. అది మీ ప్రాణానికి కాపలా, ఆర్ఎఫ్‌తో దానికి సంబంధం లేదు. ఇక 100 వాట్లు పంపినప్పుడు 2,500 ఓమ్‌ల ఆ వైరు మొదట్లో 500 వోల్టులు ఉంటాయి. బాల్కనీ రెయిలింగ్ పక్కన పిల్లల చేయి తగిలేలా కట్టకండి.

ప్రశ్న: ఇంటి ఎర్త్‌తో కలిపితే రేడియోలోకి నాయిస్ వస్తుందని, యాంటెన్నా ఎర్త్ విడిగా ఉంచమని ఎలక్ట్రీషియన్ చెప్పారు. అలాగే చేశాను. సరైనదేనా?

ఈ సలహా మంచి ఉద్దేశంతో ఇచ్చిందే అయినా ప్రమాదకరం. వెంటనే మార్చండి.

పిడుగు కరెంటు వేల ఆంపియర్లలో ఉంటుంది. 20,000 ఆంపియర్లు, రాడ్ రెసిస్టెన్స్ 10 ఓమ్‌లు అనుకోండి. గుణిస్తే 2 లక్షల వోల్టులు. ఆ క్షణంలో మీ యాంటెన్నా రాడ్ 2 లక్షల వోల్టుల దగ్గర ఉంటుంది, కొంచెం దూరంలో ఉన్న ఇంటి ఎర్త్ దాదాపు సున్నా దగ్గర ఉంటుంది. ఈ రెండింటినీ కలిపే వైరు ఏది? ఒక వైపు కోయాక్స్, మరో వైపు మెయిన్స్ ప్లగ్ ఉన్న మీ రేడియో. పిడుగు నేరుగా పడక్కర్లేదు, దగ్గర్లో పడినా చాలు.

కాబట్టి యాంటెన్నా రాడ్లన్నిటినీ ఇంటి మెయిన్ ఎర్త్‌తో మందపాటి రాగి కండక్టర్‌తో, ఇంటి బయటి నుంచే కలపాలి. అప్పుడు వోల్టేజీ పెరిగినా అన్నీ కలిసే పెరుగుతాయి. కేబుల్స్ అన్నీ ఒకే చోట నుంచి ఇంట్లోకి రానివ్వండి. అక్కడ ఒక రాగి పలక బిగించి, దాని మీద గ్యాస్ ట్యూబ్ అరెస్టర్లు (ఎక్కువ వోల్టేజీని ఎర్త్‌కు మళ్లించేవి) పెట్టండి. పలక నుంచి రాడ్‌కి వెళ్లే కండక్టర్ పొట్టిగా, వెడల్పుగా, గట్టి మలుపులు లేకుండా ఉండాలి. కండక్టర్ మందం ఎంత, ఎవరు కలపాలి అన్నది మీ ప్రాంతపు విద్యుత్ నిబంధనల ప్రకారం, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.

ఇంత చేసినా నేరుగా పడే పిడుగుకు గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు. వాడకం అయిపోగానే కేబుల్‌ను ఇంటి బయటే, ఆ పలక దగ్గరే విప్పేయడం అలవాటు చేసుకోండి. ఉరుము వినిపించాక విప్పడానికి వెళ్లకండి. విప్పిన కేబుల్ చివరను గాజు సీసాలో పెట్టి గదిలో ఉంచుతారు కొందరు. మేఘం నుంచి నేల దాకా గాలిని చీల్చుకుని వచ్చినదాన్ని ఆ సీసా ఆపలేదు.

ప్రశ్న: 80 మీటర్ల డైపోల్ (మధ్యలో కేబుల్ కలిపే రెండు సగాల వైరు యాంటెన్నా) 9 మీటర్ల ఎత్తులో కట్టాను. 300 కిలోమీటర్ల లోపు వాళ్లు అద్భుతంగా వినిపిస్తారు. దూరం వాళ్లకు నేను అందడం లేదు. కొలత తప్పిందా?

3.6 మెగాహెర్ట్జ్‌కు 143ను ఫ్రీక్వెన్సీతో భాగిస్తే 39.7 మీటర్లు వస్తుంది. మీరు ఉత్తరంలో రాసిన వైరు పొడవు దానికి దగ్గరగానే ఉంది, తప్పేం లేదు. ఎత్తే తక్కువ. 9 మీటర్లంటే ఆ బ్యాండ్‌లో తరంగంలో తొమ్మిదో వంతు. అంత కింద ఉన్న డైపోల్ పవర్‌లో ఎక్కువ భాగం నెత్తి మీదికి, ఆకాశంలోకి వెళ్లి అయనోస్ఫియర్ (రేడియో తరంగాల్ని తిప్పిపంపే పై వాతావరణపు పొర) నుంచి చుట్టుపక్కలకే తిరిగి దిగుతుంది. దగ్గరి వాళ్లతో మాట్లాడటానికి ఇంతకంటే మంచి యాంటెన్నా లేదు, దాన్ని అలాగే ఉంచండి.

దూరానికి అదనంగా ఒక ఇన్వర్టెడ్ ఎల్ కట్టుకోండి. మొత్తం 20 మీటర్ల వైరు, 9 మీటర్లు నిలువుగా, మిగిలింది అడ్డంగా. దానికి కింద రేడియల్స్ తప్పవు, మొదటి జవాబు మళ్లీ ఒకసారి చదవండి. దూరం స్టేషన్ల కోసం చీకటి పడ్డాక ప్రయత్నించండి. పగలు అయనోస్ఫియర్‌లోని డి పొర ఈ బ్యాండ్ సిగ్నల్‌ను మింగేస్తుంది.

ప్రశ్న: సాయంత్రం అయ్యేసరికి 80 మీటర్ల మీద ఎస్9 (రేడియో మీటర్ మీద బలమైన సిగ్నల్ స్థాయి) నాయిస్. యాంటెన్నా మార్చాలా?

ముందు ఇల్లు చూడండి. రేడియోను బ్యాటరీ మీద నడుపుతూ ఇంటి మెయిన్ స్విచ్ ఆపండి. నాయిస్ పడిపోతే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. ఒక్కో బ్రేకర్ వేస్తూ పోతే దొరుకుతాడు. ఎక్కువగా దొరికేవి ఎల్ఈడీ బల్బుల డ్రైవర్లు, చవక చార్జర్లు, సోలార్ ఇన్వర్టర్లు. ఒక్క చార్జర్ మారిస్తేనే బ్యాండ్ తెరుచుకున్న ఇళ్లు చూశాను. మార్చలేని వాటి వైర్లకు ఫెరైట్ చోక్‌లు వేయండి.

నాయిస్ బయటిదైతే, వినడానికి మాత్రమే ఒక చిన్న లూప్‌ను ఇంటికి దూరంగా పెట్టుకోవచ్చు. దాంట్లో సిగ్నల్ బలహీనంగా వస్తుంది, కానీ నాయిస్ అంతకంటే ఎక్కువ తగ్గితే గెలిచినట్టే. ఈ బ్యాండ్లలో ప్రీయాంప్ (సిగ్నల్ పెంచేది) ఆపేయండి, అటెన్యుయేటర్ (తగ్గించేది) వేసి చూడండి. చెవికి హాయిగా ఉంటుంది.

ప్రశ్న: మాట గట్టిగా అన్నప్పుడల్లా 100 వాట్ల రేడియో ఆగి మళ్లీ ఆన్ అవుతోంది. పవర్ సప్లై నుంచి 3 మీటర్ల 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వాడాను.

వైరు సన్నం. రానూపోనూ 6 మీటర్లలో, 20 ఆంపియర్ల దగ్గర దాదాపు 0.9 వోల్టు పోతోంది. కనెక్టర్లు, ఫ్యూజ్ హోల్డర్ మీద పోయేది దీనికి అదనం. 6 చదరపు మిల్లీమీటర్ల వైరు వేసి, పొడవు సగం చేయండి. బ్యాటరీ వాడితే ఫ్యూజ్ బ్యాటరీ పక్కనే ఉండాలి.

ప్రశ్న: 30 మీటర్ల సన్న ఆర్‌జీ-58 కేబుల్ తీసేసి లావుది వేస్తే 80 మీటర్ల మీద లాభమా?

ఎస్‌డబ్ల్యూఆర్ బాగుంటే ఇప్పుడు పోయేది 1 డీబీ (సిగ్నల్ బలంలో తేడా కొలిచే ప్రమాణం) లోపే, తేడా వినపడదు. ఆ డబ్బుతో రేడియల్స్ వైరు కొనండి. కేబుల్ కనెక్టర్లలోకి నీరు చేరకుండా సెల్ఫ్ బాండింగ్ టేప్ చుట్టండి.

ప్రశ్న: మా డాబా నుంచి చెట్టు దాకా వైరు లాగాలంటే మధ్యలో కరెంటు లైను అడ్డం వస్తోంది. పైనుంచి జాగ్రత్తగా వేయొచ్చా?

వద్దు. పైనుంచీ వద్దు, కిందనుంచీ వద్దు. ఇన్సులేషన్ ఉన్న వైరు అయినా వద్దు. కట్టిన రోజు మీరు జాగ్రత్తగానే ఉంటారు. గాలివానకు వైరు తెగిన రోజు మీరు అక్కడ ఉండరు. తెగినా, స్తంభం పడినా ఏ ముక్కా లైనును తాకనంత దూరం ఉండాలి. డాబాకు రెండో వైపు 10 మీటర్ల జాగా ఉన్నా చాలు, 40 మీటర్ల డైపోల్‌ను చివర్లు కిందికి వంచి కట్టుకోవచ్చు. ఆ వైపు కొలతలు రాసి పంపండి, ఎలా వంచాలో చెబుతాను.