అమ్మమ్మ ఇంటి తలుపులు తూకానికి వేయొద్దు

అమ్మలూ,

నువ్వు పంపిన ఇంటీరియర్ కొటేషన్ రెండుసార్లు చదివాను. మొదటి లైనే నాకు మింగుడు పడలేదు. 'ఉన్న టైల్స్ తీసి ఇటాలియన్ మార్బుల్' అట! బిల్డర్ వేసిన టైల్స్ మీద ఇంకా ఎవరూ కాపురమే చేయలేదు, వాటిని పగలగొట్టి లారీకెత్తి ఏ చెరువు గట్టునో పోసి రావడానికి నీ దగ్గరే డబ్బులు తీసుకుంటారు. ఆ పని వద్దు. పాదాలకు చల్లగా రాయి తగలాలనుంటే బాల్కనీలో తాండూరు బండో బేతంచెర్ల బండో వేయించు. మన జిల్లాల రాయి, ఓడెక్కి రానక్కర్లేదు, గీతలు పడితే మళ్లీ పాలిష్ పట్టించుకోవచ్చు.

ఇక వంటగది. ముప్ఫై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను కాబట్టి చెప్తున్నా, ఇంట్లో అన్నిటికన్నా ముందు పాడయ్యేది సింకు కింద అర. ఒకరింట్లో తక్కువలో అయిపోతుందని పార్టికల్ బోర్డుతో, అంటే చెక్కపొట్టును జిగురుతో నొక్కి చేసిన బోర్డుతో, చేసిచ్చాను. రెండు వానాకాలాలు గడిచాయో లేదో, పైపు జాయింటు దగ్గర చెమ్మ తగిలి బోర్డు అంచు నానిన అటుకుల్లా ఉబ్బింది, వేలితో నొక్కితే రాలిపోయింది. మొత్తం విప్పి చెత్తలో పడేశాం, ఆ బాధ నాకింకా పోలేదు. అందుకే సింకు కింద అయితే చెమ్మకు తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ పెట్టించు, షీటు మీద ఆ రకానికి ఉండే భారత ప్రమాణం ఐఎస్ 710 ముద్ర నీ కళ్లతో చూడు. ఇంకా మంచిది, మన అమ్మల వంటిళ్లలోలా కడప బండతో అరలు కట్టించి తలుపులు మాత్రం చెక్కవి పెట్టించడం.

కొత్త అలమర తెరవగానే కళ్లు మండుతాయి చూడు, అది ప్లైవుడ్ జిగురులోంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ అనే ఘాటు వాయువు. నెలల తరబడి వస్తూనే ఉంటుంది. బుజ్జిగాడి గదికి ఆ వాయువు చాలా తక్కువ వదిలే ఈ-జీరో రకం బోర్డే అడుగు, పాలు పొంగించే ముహూర్తానికి నెల ముందే చెక్కపని ముగించి కిటికీలు తెరిచి ఉంచు. బిగింపులన్నీ స్క్రూలతోనే చేయమను. మేకులు కొట్టి గమ్ము పూస్తే రేపు విప్పినప్పుడు ఒక్క చెక్కా పనికి రాదు.

అసలు సంగతికి వస్తాను. తెనాలిలో అమ్మమ్మ ఇంటి తలుపులు పాతసామాన్ల వాళ్లకు తూకానికి ఇచ్చేద్దామంటోంది మీ అమ్మ. వద్దని చెప్పు. మొన్న ఒక రెక్క మీద నేనే చిత్రిక పట్టి చూశాను. పైన ఆకుపచ్చ పెయింటు, దాని కింద నీలం, ఇంకా కింద నల్లబడ్డ వార్నిష్, అవన్నీ పోయాక తేనెరంగు టేకు బయటపడింది, వాసన నిన్న కోసిన కలపలాగే ఉంది. ఇప్పుడు ఎంత పెట్టినా అలాంటి టేకు దొరకదు. పెద్ద రెక్కలు రెండూ కలిపితే మీ డైనింగ్ టేబుల్. పాత పెయింట్లలో సీసం ఉండొచ్చు, గీకేటప్పుడు మాస్కు కట్టుకోవాలి, పిల్లాణ్ణి ఆ దరిదాపులకు రానివ్వకూడదు.

చిన్న రెక్కలు అల్లుడుగారి చేనేత షాపుకి కౌంటరు అవుతాయి. షాపు అద్దెదే కదా, ఫాల్స్ సీలింగ్ ఎందుకు? ఖాళీ చేసిన రోజు దాన్ని ఎవరో ఒకరు పగలగొట్టడమే. గోడకు బిగించని ర్యాకులు చేయిస్తే ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చు. పడమటి ముఖం షాపు, ముందంతా అద్దమే పెడితే మధ్యాహ్నం ఏసీ ఎంత తిరిగినా చాలదు, పైన చూరులా నీడ దించి వెదురు తడికలు కట్టించండి. మామూలు ఫ్యాను 75 వాట్లు లాగుతుంది, కరెంటు తక్కువ లాగే మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను 35 లోపే. నాలుగు ఫ్యాన్లు రోజుకు 12 గంటలు తిరిగితే దాదాపు రెండు యూనిట్లు మిగులుతాయి.

వీలైతే ఇద్దరూ హైటెక్ సిటీ దగ్గరున్న, పరిశ్రమల సమాఖ్య సీఐఐ వాళ్ల గ్రీన్ బిజినెస్ సెంటర్ చూసి రండి. 2004లో అబ్దుల్ కలాం గారు ప్రారంభించారు, పర్యావరణానికి మేలైన కట్టడాలకిచ్చే లీడ్ రేటింగులో అన్నిటికన్నా పై మెట్టు ప్లాటినం, అమెరికా బయట అది వచ్చిన మొదటి కట్టడం ఇదే. మధ్యలో ఆకాశానికి తెరిచిన గుండ్రటి వాకిలి, వెలుతురునిచ్చే జాలీ గోడలు. నాకైతే మన మండువా ఇల్లే గుర్తొచ్చింది.

తలుపుల కొలతలు తీసి పెట్టాను. మీ హాలు పొడవు వెడల్పులు రేపటిలోగా వాట్సాప్ చేయి. ఆ మార్బుల్ వాళ్లకు మాత్రం అడ్వాన్సు ఇవ్వకు.

మీ మామయ్య